పొయ్యి లెక్క

కాందిశీకులు అని ఒక మాట ఉండేది మా రోజుల్లో. ఇప్పుడెవరూ వాడటం లేదు. బర్మా నుంచి వచ్చి మా విశాఖపట్నంలో గుడిసెలు వేసుకున్నవాళ్లని అలా అనేవారు. బయటి నుంచి వచ్చి పడ్డవాళ్లు కాందిశీకులు. ఉన్నచోటి నుంచి లేచిపోవలసి వచ్చినవాళ్లు నిర్వాసితులు. ఈ తేడా నాకు నేర్పింది ఒక ఆఫీసు. అది సర్కారుదీ కాదు, ఫ్యాక్టరీదీ కాదు. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న కాలంలో, లేచిపోయేవాళ్ల లెక్కలు కట్టి పైకి పంపడానికి పెట్టిన చిన్న యూనిట్. రేవు పక్కనున్న పాతపట్నంలో ఒక ముస్లిం వ్యాపారి మేడ మీద రెండు గదులు. కిటికీ తెరిస్తే రేవు నుంచి ఇనుప ఖనిజం దుమ్ము వచ్చి కాగితాల మీద ఎర్రగా పేరుకునేది. జీతం లేకుండా కొన్ని నెలలు అక్కడ పని నేర్చుకున్నాను. దాన్ని శిక్షణ అన్నారు. ఇప్పటి పిల్లలు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. పేరు మారింది గానీ జీతం లేకపోవడం మారలేదు.

నేను బడిలో చదివింది తక్కువ. రేవులో టాలీ పని చేసేవాణ్ని. ఓడలోంచి దిగే బస్తాలకి పలక మీద నాలుగు నిలువు గీతలు గీసి, ఐదోది అడ్డంగా కొట్టడమే టాలీ అంటే. ఆ గీతల మీద పిచ్చి పట్టి, ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో గణాంక శాస్త్రం పుస్తకం ఒకటి కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క పేజీ అరగదీసి చదివాను. సగటు అంటే ఏమిటో, నమూనా అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. డిగ్రీ లేనివాడు ఇన్ని మాటలు మాట్లాడతాడేమిటి అంటారేమో. అనండి. అలవాటైపోయింది.

యూనిట్ ఇన్‌ఛార్జి కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, చెడ్డవాళ్ల వల్ల జరిగే అన్యాయాన్ని తిట్టి ఊరుకోవచ్చు. చెడ్డవాడు కానివాడి వల్ల జరిగిందాన్ని ఏం చెయ్యాలో ఈ వయసుకి కూడా నాకు తెలియలేదు. చేరిన రోజునే ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు.

"కుటుంబం అంటే ఏంటయ్యా?"

"తల్లీ తండ్రీ పిల్లలూ అండి."

"మరి మేనత్త ఉంటే? పెళ్లయిన తమ్ముడు అదే ఇంట్లో ఉంటే? అట్లా పోతే తెల్లారుద్ది. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు కుటుంబం. అంతే. రక్తం సంగతి మనకెందుకు. పొయ్యిలు లెక్కపెట్టు, కుటుంబాలు వచ్చేస్తాయి."

నాకు ఆ మాట బాగా నచ్చింది. పొలం లేనివాడు ఉంటాడు, పట్టా లేనివాడు ఉంటాడు, పొయ్యి లేనివాడు ఉండడు కదా అనుకున్నాను. మన భాషలో కూడా వేరుపడితే వేరుకుంపటి పెట్టారంటారు. ఎవరో ఆలోచన ఉన్నవాడే ఈ నిర్వచనం రాశాడని రెండు మూడు వారాలు పొంగిపోయాను.

ఆ లెక్క మీద ఏం ఆధారపడి ఉండేదో చెప్పాలి. కుటుంబానికి ఒక కార్డు. కార్డుకి, లేచిపోయేవాళ్ల కోసం వేసే కాలనీలో ఒక ఇంటి స్థలం. ఫ్యాక్టరీలో పనికి అడిగే హక్కు కూడా ఆ కార్డుతోనే. కార్డు లేనివాళ్లు ఎక్కడికి వెళ్లాలో ఏ కాగితంలోనూ లేదు.

ఒక ఊరు. సముద్రానికీ సరుగుడు తోటలకీ మధ్య ఉండేది. ఇప్పుడక్కడ ఊరు లేదు కనుక పేరు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఆ ఊరి లెక్క నాతోపాటు శిక్షణలో ఉన్న యూనివర్సిటీ కుర్రాడు రాసుకొచ్చాడు. రాసినవాటిలో కొన్ని ఇళ్లు మళ్లీ వెళ్లి సరిచూడాలని రూలు. అందుకోసం ఇన్‌ఛార్జి గారు ఒకరోజు నన్ను జీపులో వెంటబెట్టుకుని వెళ్లారు. ఆ సాయంత్రానికి కాగితాలన్నీ పైకి వెళ్లిపోవాలి. అదే ఆఖరి రోజు.

మేము సరిచూడవలసిన వాటిలో ఒక వరస ఇళ్లున్నాయి. నాలుగు చుట్టిళ్లు, తాటాకు చూరు నేలకి దగ్గరగా వంగి, ఒకదాన్నొకటి ఆనుకుని. నలుగురు అన్నదమ్ములవి. ఆఖరివాడు కొన్నేళ్ల కిందట జ్వరంతో పోయాడు, ఆ ఇంట్లో అతని భార్యా చిన్న కూతురూ ఉంటున్నారు. మా కాగితంలో మాత్రం ఆ వరసంతా ఒకే కుటుంబం. యజమాని పెద్దన్న. పొయ్యిల సంఖ్య ఒకటి.

ఇళ్ల ముందు తాటాకు పందిరి వేసి ఉంది. మగవాళ్ల గెడ్డాలు మాసి ఉన్నాయి. పందిట్లో పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది. చూడగానే తెలుస్తుంది, అది చావిల్లు అని. మేము జీపు దిగుతుంటే ఆ చిన్నవాడి భార్య మా దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఇళ్లు రాసీవోళ్లు మీరేనా?"

"అవునమ్మా," అన్నారు ఇన్‌ఛార్జి గారు.

"నన్ను ఏ పక్క రాసేరు?"

ఆయన కాగితం చూసి చెప్పారు. "మీ బావగారి కుటుంబంలో ఉన్నావమ్మా. తమ్ముడి భార్య అని ఉంది."

"అదేటి బాబూ. నాను ఏరే ఉన్నాను. నా మొగుడు ఉన్నప్పుడే ఏరు పడ్డాం. నా పొయ్యి నాదే. నానూ, నా పిల్లా."

"మరి మొన్న మావాడు అడిగితే అందరిదీ ఒకటే పొయ్యి అన్నారంట?"

పందిట్లోంచి పెద్దన్న లేచి వచ్చాడు. "నానే సెప్పానండి. మా అమ్మ పోయింది. పెద్దదినం అయ్యేవరకూ ఎవులి ఇంట్లోనూ పొయ్యి ముట్టించరు. అందరం ఈ పందిట్లోనే, ఒక్క పొయ్యి మీదే తింటాం. ఆ బాబు వొచ్చి పొయ్యిలెన్ని అన్నాడు. ఒకటే అన్నాను. అబద్ధం ఏటి సెప్పాను?"

అబద్ధం లేదు. ఆ కుర్రాడు అడిగింది సరిగ్గా అడిగాడు, ఈయన చెప్పింది నిజం చెప్పాడు. తల్లి పోయిన మైలలో మా పొయ్యిలు వేరు అని చెప్పడం వాళ్లలో పరువు తక్కువ. తల్లి దినాలు తీరకుండానే కొడుకులు విడిపోయారని ఊరంతా అనుకుంటుంది. అందుకే ఆయన ఒకటే అనే మాటని కొంచెం గర్వంగానే చెప్పి ఉంటాడు. ఆ గర్వానికి నాలుగు కార్డులు ఒకటైపోయాయి. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. మేము చెప్పాక కూడా ఆయన కంగారు పడలేదు. "తరవాత సెప్పుకుంటాం లెండి. గవర్నమెంటోళ్లు మాత్రం తల్లికి పుట్టినోళ్లు కారేటి," అన్నాడు. కార్డు ఆయన పేరు మీదే ఉంది కదా అని నేను లోపల అనుకున్నాను. అలా అనుకోవడం పూర్తిగా న్యాయం కాకపోవచ్చు.

"పెద్దదినం ఎప్పుడు?" అన్నారు మా ఇన్‌ఛార్జి.

"ఇంకా వారం ఉన్నాదండి."

"వారం కుదరదు. కాగితాలు ఇవాళే వెళ్లాలి."

రెండోవాడు పందిరి రాటకి చేరగిలబడి ఉన్నాడు. "మా అమ్మదే తప్పు బాబూ," అన్నాడు. "మీ పని అయినాక పోవలసింది. ఆవిడికి సదువు లేదు, మీ తేదీలు తెలీవు."

ఎవరూ నవ్వలేదు. ఇన్‌ఛార్జి గారి ముఖం ఎర్రబడింది.

"సార్, మైల తీరాక ఒక్కసారి వచ్చి చూసి, అప్పుడు దిద్దుదాం," అన్నాను.

"జీపు నువ్వు తెస్తావా? పైవాళ్లకి సమాధానం నువ్వు చెబుతావా?" అని నా మీద కసిరి, వాళ్ల వైపు తిరిగారు. "చూడండమ్మా, నేను కనిపించింది రాయాలి. విన్నది రాయకూడదు. నాకు కనిపించే పొయ్యి ఒకటే."

అప్పుడు ఆ చిన్నవాడి భార్య అడిగింది. "నా పొయ్యి ఇప్పుడు ముట్టిస్తే రాస్తారా?"

పందిట్లో వాళ్లంతా ఇటు తిరిగారు.

"మండుతున్న పొయ్యి కనిపిస్తే రాస్తానమ్మా," అన్నారు ఆయన. నా చెవులతో విన్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట ఒక్క అక్షరం పోకుండా నాకు గుర్తుంది.

పెద్దన్న ఆమెతో నేరుగా మాట్లాడలేదు. మరదలితో ముఖాముఖి మాట్లాడటం వాళ్లలో లేదు. గుండిగ దగ్గరున్న తన భార్య వైపు తిరిగి చెప్పాడు. "దానికి సెప్పు. మా అమ్మ ఇంకా గుమ్మం దాటలేదని సెప్పు. పొగ సూస్తే ఆవిడేటి అనుకుంటాది? పిల్లలు అప్పుడే ఎవులి కూడు ఆలు తింతన్నారు అనుకోదా?"

ఆవిడ కూడా తోటికోడలి వైపే చూసి జవాబు చెప్పింది. "బావగారికి సెప్పక్కా. అత్త మంచం పట్టినన్నాళ్లూ నా పొయ్యి కాడే పడుకునీది. ఆఖరి గంజి నా సేత్తో తాగింది. నా పొగ ఆవిడికి కొత్తేటి కాదు."

"మరేటి అక్కర? నా పంచలో ఉండొద్దన్నానా? రేపు ఎక్కడికెళ్లినా నా పంచ దానిదే కదా అని సెప్పు."

"ఎన్నాళ్లు అక్కా? నా పిల్లకి ఇల్లేది అంటే పెదనాన పంచ అని సెప్పుకోవాల?"

మధ్యలో నిలబడ్డ ఆ తోటికోడలు గుండిగ వైపు తిరిగి గరిటతో అన్నం కలపసాగింది. చిన్నకోడలు తన ఇంట్లోకి వంగి వెళ్లింది.

కొంచెంసేపటికి చూరు సందుల్లోంచి పొగ వచ్చింది. పందిట్లో ఒక ముసలామె శోకం ఎత్తుకుంది, చనిపోయినావిడ పేరు పెట్టి. పెద్దన్న నేల మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అతను కోపంగా ఉన్నాడనుకుని చూశాను. ఏడుస్తున్నాడు.

ఇన్‌ఛార్జి గారు కాగితం చంకలో పెట్టుకుని ఆ ఇంట్లోకి దూరారు. వెనక నేను. లోపల పొయ్యి మండుతోంది. సరుగుడు పుల్లలు, ఎండు కొమ్మలు. పొయ్యి మీద మట్టికుండ, మూత. ఆవిడ పక్కకి జరిగి నిలబడింది. అక్కడితో రాసేస్తే అయిపోయేది. కానీ ఆయన వంగి కుండ మూత తీశారు. ఎందుకు తీశారో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు. పని బాగా చెయ్యాలనే అనుకుంటాను.

కుండలో నీళ్లున్నాయి. ఇంకా మరగడం కూడా లేదు.

"బియ్యం ఏవమ్మా?"

"బియ్యం పందిట్లో ఉన్నాయి బాబూ. మైలలో అందరివీ కలిపీసినాం. అక్కడినుంచి తియ్యకూడదు."

"మరి ఏం వండుతున్నావు?"

"ఎసరు పెట్టేను."

ఆయన కళ్లజోడు తీసి పొగకి మసకబారిన అద్దాలు తుడుచుకున్నారు. "వండుకుని తినేవాళ్లు అని ఉందమ్మా రూలు. ఇది వంట కాదు కదా."

"పొయ్యి మండితే రాస్తానన్నారు బాబూ."

"అన్నాను. పైవాళ్లు అడుగుతారమ్మా. మైలలో ముట్టించిన పొయ్యి, అందులో నీళ్లు. కార్డు కోసం చేయించారంటే నేనేం చెప్పను?"

"నీళ్లు అనే రాయండి సార్," అన్నాను నేను. "పొయ్యి ఉంది, నిప్పుంది, ఎసరు ఉంది. ఉన్నదున్నట్టు రాయండి."

"నువ్వు బయటికి నడువు."

ఆవిడ ఆయన కాళ్లు పట్టుకుంది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కుని, "తప్పమ్మా, తప్పు," అంటూ తల చూరుకి తగిలించుకుని బయటపడ్డారు. జీపులో కూర్చుని నన్ను పిలిచారు. నేను ఎక్కలేదు. రోడ్డు దాకా నడిచి బస్సు పట్టుకుంటానన్నాను. నీ ఇష్టం అని వెళ్లిపోయారు.

నేను అక్కడ ఉండి చేసిందేమీ లేదు. పందిరి అంచున నిలబడ్డాను. మధ్యాహ్నం భోజనాలకి ఆకులు వేశారు. వడ్డించే ఆమెతో పెద్దన్న మెల్లగా అన్నాడు. "దానికి ఆకు వెయ్యకు. పిల్లకి వెయ్యి." మైలలో వేరే పొయ్యి ముట్టించినవాళ్లకి కలిసి తినే హక్కు పోతుందట. అది ఆయన పెట్టిన శిక్ష కాదు, వాళ్ల కట్టుబాటు. పిల్ల కోసం వేసిన ఆకు దగ్గరికి పిల్ల రాలేదు. తల్లి పంపలేదు. అన్నం పెట్టిన ఆకు అలాగే ఉండి, చివరికి ఎవరో మడిచి తీసేశారు.

అప్పుడు నాకు ఒక్కసారిగా తోచింది. ఇప్పుడు ఆవిడ నిజంగానే వేరు. మా రూలు ప్రకారం, వాళ్ల కట్టుబాటు ప్రకారం, ఏ దారిన చూసినా వేరే కుటుంబం. పరుగున రోడ్డెక్కి, దొరికిన లారీ ఎక్కి గాజువాక, అక్కడినుంచి బస్సులో పాతపట్నం. ఆఫీసులో కాగితాలకి దారం కడుతున్నారు.

"సార్, ఆవిడకి పందిట్లో ఆకు వెయ్యలేదు. వాళ్లతో తిండి లేదు. ఇప్పుడు వేరు అని రాయొచ్చు."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను."

"నువ్వు శిక్షణలో ఉన్నావయ్యా. నీ చూపు లెక్కలోకి రాదు." కసురుగా అనలేదు. అలసిపోయి అన్నారు. తర్వాత కొంచెంసేపు దారం వేలికి చుట్టుకుంటూ, "అయినా వేరుపడింది ఇవాళ మధ్యాహ్నం. మన లెక్క ఇవాళ ఉదయానికి," అన్నారు. ఆ మాట ఆయన నా కోసం అన్నాడో, తన కోసం అన్నాడో.

కట్ట వెళ్లిపోయింది.

తర్వాత నేను అర్జీలు రాశాను. నాకు వచ్చిన గ్రాంథికంలో ఒకటి, వాడుకభాషలో ఒకటి, ఆఖరికి నిఘంటువు ముందు పెట్టుకుని ఇంగ్లీషులో ఒకటి. ఆమె తగిన కుటుంబంలో చేర్చబడియున్నది అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. చేర్చబడియున్నదట. ఆ చేర్చినవాళ్లు ఆవిడకి ఆకు కూడా వెయ్యడం మానేశారు. నెల తిరిగేసరికి ఇక రానక్కర్లేదని నాతో చెప్పారు. నేను మళ్లీ రేవుకి, గీతలకి వెళ్లిపోయాను.

మైల తీరాక మిగతా అన్నదమ్ములు కూడా వేరు కార్డులకి తిరిగారు. తిరిగి తిరిగి, వాళ్లలో వాళ్లు గొడవపడి, పెద్దన్న స్థలంలోనే తలో మూల గోడలు లేపుకున్నారు. పెద్దన్న కొడుక్కి ఫ్యాక్టరీలో పని దొరికింది. ఆ పెద్దాయన మరదల్ని పంచలోకి రమ్మని రెండుసార్లు కబురు పెట్టాడని విన్నాను. ఆవిడ వెళ్లలేదు. ఊరు కూల్చినప్పుడు తన ఇంటి వాసాలు తానే పీకి నెత్తిన పెట్టుకుని, కాలనీ బయట రోడ్డు వార గుడిసె వేసుకుంది. ఫ్యాక్టరీ కట్టే చోట తట్టలతో మట్టి మోసేది. తన ఊరి మట్టే మోసిందంటే అతిశయోక్తి కాదు.

ఎనభైల మధ్యలో ఒక ఆదివారం ఆ దారిన వెళ్తూ ఆగాను. అప్పటికి ఆ రోడ్డు వార గుడిసెలు చాలా లేచాయి. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. పిల్ల పెద్దదైంది, అదీ తట్ట మోస్తోంది. గుడిసెల వాళ్ల పేర్లు రాయడానికి ఎవరో వచ్చి ఉన్నారు. ఈసారి ఆక్రమణదారులు అని కొత్త పేరు. లెక్కలో పేరుంటే వేరే చోట జాగా చూపిస్తారని చెప్పుకుంటున్నారు.

"పేరు చెప్పండమ్మా," అన్నాను. "ఈసారైనా పడుతుంది."

"నాను సెప్పను."

"ఎందుకు?"

"ఒకసారి సూపించాను కదా బాబూ, నా బతుకు మూత తీసి. సూసినోడు ఏటి సేసినాడు? ఎలిపోయినాడు. ఈడొకడు ఒచ్చినాడు. ఈడికి ఏటి తీసి సూపించాల?"

తడిక వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఒకప్పుడు ఆవిడని లెక్కలో వెయ్యమని ఆఫీసులో బతిమాలినవాణ్ని, ఇప్పుడు లెక్కలోకి రమ్మని ఆవిడని బతిమాలుతున్నాను. లెక్క రాసేవాడు మా దగ్గరికి వచ్చేశాడు. కుర్రవాడు, చెమటలు కక్కుతున్నాడు, తొందరలో ఉన్నాడు.

"ఎవరున్నారండి ఇందులో?"

నేను పేరు చెప్పాను. కూతురుందని చెప్పాను.

"మీరు ఏమవుతారు ఈవిడకి?"

ఏమీ కానంటే రాయడని భయపడి, "తమ్ముణ్ని," అన్నాను.

"ఎక్కడుంటారు మీరు?"

"పాతపట్నంలో."

"సొంత ఇల్లేనా?"

"అద్దె ఇల్లు."

"ఏదో ఒకటి, ఇల్లుంది కదా. తమ్ముడికి ఇల్లుండగా ఆవిడ నిరాశ్రయురాలు ఎలా అవుతుందండి? మీ కుటుంబంలో మనిషే. ఇది ఖాళీ గుడిసె అని రాస్తున్నాను." రాసేసి పక్క గుడిసెకి వెళ్లాడు. వాడి చొక్కా పట్టుకుని ఆపాను, అరిచాను, లోపల మనుషులున్నారు చూడమన్నాను. "లోపలున్నవాళ్లు బయటికొచ్చి చెప్పాలండి, మీరు కాదు," అని చొక్కా విడిపించుకున్నాడు.

అంతా వింటూనే ఉంది ఆవిడ. తడిక సందులోంచి మాట వచ్చింది. "ఏటి తమ్ముడూ, మీ ఇంట్లో పడీసినాడేటి నన్ను? మీ ఆవిడికి ముందే సెప్పీ. ఇద్దరాడోళ్లు పెరిగేం అని."

నేను తడిక పట్టుకుని బతిమాలాను, ఒక్కసారి బయటికి వచ్చి కనబడమని. పిల్ల లోపల్నుంచి, "అమ్మా, పోనీ ఎల్లీ," అనడం వినబడింది. ఆవిడ రాలేదు. ఎండ మండిపోతోంది. లెక్క రాసేవాడు వరస చివరికి వెళ్లి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

వానలకి ముందు ఆ వరస గుడిసెలు తీసేశారు. జాబితాలో పేర్లున్నవాళ్లని లారీల్లో ఎక్కించి ఆనందపురం అవతల ఎక్కడో దింపారని చెప్పారు. నేను సంగతి తెలిసి వెళ్లేసరికి రోడ్డు వార చదునుగా ఉంది. పక్కనున్న టీ బడ్డీవాణ్ని ఆవిడ గురించి అడిగాను. తల్లీకూతుళ్లు వాసాలు మోసుకుని సముద్రం వైపు నడిచి వెళ్లారన్నాడు. అటు వైపు వెళ్లడానికి ఏముంది, అంతా ఫ్యాక్టరీ గోడే కదా అన్నాను. నాకేటి తెలుసు బాబూ, నడుస్తంటే సూసేను, అన్నాడు. గోడ వెంబడి నేనూ చాలా దూరం నడిచాను.